మంచు వదిలిన నేల, మనిషి వదిలిన నేల

ఒక సెలవునాడు మదరసా విద్యార్థులను వెంటబెట్టుకొని పటాన్‌చెరు సమీపంలోని ఒక రాతిగుట్ట ఎక్కాము. సుమారు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైటు శిలలవి. బండలపై బూడిద, పసుపు రంగు మచ్చలను చూపి, "ఈ మరకలేమిటి ఉస్తాద్?" అని ఒక బాలుడు అడిగాడు.

"మరకలు కావు బేటా, ప్రాణమున్నవే. మీ అమ్మ నిహారీ పొట్లీలో వేసే పత్థర్ కా ఫూల్‌కు బంధువులు" అన్నాము.

శిలీంధ్రమూ శైవలమూ కలిసి కాపురం చేసే ఈ లైకెన్లే వట్టి బండకు తొలి అతిథులు. అవి విడుదల చేసే ఆమ్లాలు శిలను మెల్లగా కొరుకుతాయి. గాలిలోని ధూళి వాటిపై నిలుస్తుంది. అలా ఏర్పడిన పిడికెడు మట్టిలో పాచి, తరువాత గడ్డి, పగుళ్లలో సీతాఫలం, వేప వేళ్లూనుతాయి.

హిమానీనదాలు వెనుదిరిగిన చోట కూడా దాదాపు ఇదే క్రమం. ఆల్ప్స్ పర్వతాలలో 19వ శతాబ్ది మధ్యకాలం నుండి మంచు తరిగి రాళ్లూ కంకరా బయటపడుతున్నాయి. అలాస్కాలోని గ్లేసియర్ బేలో ఇట్టి నేలపై విలియం కూపర్ అనే శాస్త్రవేత్త 1916లో చిన్న చిన్న చతురస్రాలు గుర్తించి, ఏ మొక్క ఎప్పుడు వస్తుందో నమోదు చేయసాగాడు. ముందు పాచి, చిరుమొక్కలు. పిమ్మట ఆల్డర్ పొదలు. చివరకు స్ప్రూస్ అడవి. మన కంది వేళ్ల బుడిపెలలో వలెనే ఆల్డర్ వేళ్లలోనూ సూక్ష్మజీవులుండి, గాలిలోని నత్రజనిని నేలకు ఎరువుగా అందిస్తాయి. ఆ నేలపై ఎదిగిన స్ప్రూస్ నీడలో ఆల్డర్ క్రమంగా కనుమరుగవుతుంది. రాబోయేవారి కోసం నేలను సిద్ధం చేసి తప్పుకోవడంలోని ఔన్నత్యం బోధకులమైన మమ్మల్ని ఆలోచింపజేసింది.

గుట్ట దిగి నక్కవాగు ఒడ్డుకు చేరాము. ఇసుకవాగు నీరు దీనిలోకి, దీని నీరు మంజీరలోకి చేరుతుంది. పరిశ్రమల మురుగు ఈ వాగులను దశాబ్దాలుగా కలుషితం చేసింది. ఇక్కడి మందుల పరిశ్రమల వ్యర్థజలాలలో, శుద్ధి చేసిన తరువాత కూడా, సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నదని 2007లో స్వీడన్ పరిశోధకులు వెల్లడించారు. ఆ మందు వాడుతున్న రోగి రక్తంలో సైతం అంత ఉండదు. అట్టి నీటిలోనూ ప్రాణం ఉంటుంది. కాని అక్కడ నిలదొక్కుకునేవి మందుకు లొంగని బ్యాక్టీరియా. అవి మన ఇళ్లకు చేరితే, బిడ్డకు జబ్బు చేసిన రోజున ఆ మందు పనిచేయకపోవచ్చు.

నిర్జీవమైన నేలను వానతో బ్రతికించడం అల్లాహ్ సూచనలలో ఒకటని దివ్య ఖుర్ఆన్ పదేపదే గుర్తుచేస్తుంది. ఖాళీ నేల ఖాళీగా ఉండిపోదు. మంచు తన వెనుక రాయిని, నీటిని వదిలింది. అక్కడికి అడవి వచ్చింది. మనం వదిలిన చోటికి ఏది వస్తుందనేది మనం ఏమి వదిలామన్న దానిని బట్టి ఉంటుంది. నేల మన చేతిలోని అమానత్. పరిశ్రమల బాధ్యతను నిలదీయడంతో పాటు, ఇంట్లో మిగిలిన మాత్రలను మోరీలో పారవేయకుండా ఉండటంతోనైనా ఆ అమానత్‌ను కాపాడటం మొదలుపెడదాము.