శిక్ష అనే మాటకు రెండు అర్థాలు



తెలుగు చదువుల గురించి ముచ్చటించుకునే చోట థాయి దేశపు టీవీ ధారావాహిక ప్రసక్తి ఎందుకని మీకు తోచవచ్చు. అది ఆద్యంతం బడి గురించిన కథ. మన పై తరగతుల పిల్లలు కొందరు దానిని సెల్ ఫోనులలో చూస్తున్నారు కూడా. కనుక దాని మంచిచెడ్డలు మనమూ ఎరిగి ఉండటం మేలని తలచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

దాని పేరు 'గర్ల్ ఫ్రమ్ నోవేర్'. థాయిలో 'డెక్ మై', అనగా కొత్త పిల్ల. మొదటి భాగం 2018లో జి.ఎం.ఎం. 25 ఛానెల్‌లో 13 ఎపిసోడ్లుగా, రెండవ భాగం 2021 మే నెలలో నెట్‌ఫ్లిక్స్‌లో 8 ఎపిసోడ్లుగా వచ్చాయి. నేను చెప్పేది ఈ రెండింటి గురించే. నన్నో అనే అమ్మాయి ప్రతి కథలోనూ ఒక కొత్త బడిలో చేరుతుంది. ఆమె ఎవరి బిడ్డో, ఏ ఊరిదో ఎవరికీ తెలియదు. చంపినా నవ్వుతూ తిరిగి వస్తుంది. అక్కడ దాగి ఉన్న తప్పును బయటికి లాగి, చేసినవారు తవ్విన గోతిలో వారినే పడవేస్తుంది.

మొదట గుణాలు చెబుతాను. ఇందులో భయం చీకటి గదులలో నుండి పుట్టదు, తరగతి గదిలో నుండి పుడుతుంది. థాయి బడులలో ఏటా 'వై ఖ్రూ' అనే వేడుక జరుగుతుంది. పిల్లలు పూలతో వచ్చి, గురువుల ముందు మోకరిల్లి నమస్కరిస్తారు. 'ఖ్రూ' మన 'గురు' శబ్దమే. గురువును అంతగా గౌరవించే సమాజంలో, విద్యార్థినులను వేధించే ఉపాధ్యాయునితోనే మొదటి కథను ఆరంభించడానికి ధైర్యం కావాలి. మరొక కథలో ఆడపిల్లలకు అందాన్ని బట్టి ర్యాంకులు ఇస్తారు. రెండవ భాగంలో కఠిన నియమాల బడి కథ ఒకటి నలుపు తెలుపులలో సాగి, పిల్లలు ఎదురు తిరిగినప్పుడు రంగులు సంతరించుకుంటుంది. 2020లో థాయి విద్యార్థులు జుట్టు, యూనిఫారం నియమాలను నిరసిస్తూ విద్యాశాఖ ఎదుట నిలబడిన సంగతి తెలిసినవారికి ఆ రంగుల అర్థం వేరే చెప్పనక్కరలేదు. నన్నో పాత్రధారిణి చిచా అమాత్యకుల్ ఒక్క చిరునవ్వుతోనే జాలిని, ఎగతాళిని, బెదిరింపును పలికించగలదు.

ఇక దోషాలు. ఏడెనిమిది కథలు చూసేసరికి అచ్చు తెలిసిపోతుంది: తప్పు, వల, పతనం. రెండవ భాగంలో యూరి అనే మరొక అమ్మాయి ప్రవేశిస్తుంది. ఆమెకు తప్పును బయటపెట్టడం చాలదు, రక్తం కావాలి. ఇద్దరి మధ్య వాదం ఎంతో లోతుగా సాగవలసింది, కాని చాలాచోట్ల నెత్తుటి దృశ్యాలకే పరిమితమైంది. అన్నిటికన్నా పెద్ద లోపం మరొకటి ఉంది. దోషి పతనమైన మరునాడు ఆ తరగతి ఎలా నడిచిందో కథ మనకు చూపదు. బాధ పడిన పిల్ల మళ్ళీ బడికి వచ్చిందా? ఆమె పక్కన ఎవరు కూర్చున్నారు?

ఈ ప్రశ్న నన్ను వదలకపోవడానికి కారణం మా బరంపురం బడిలోనే ఉంది. ఏడవ తరగతి పిల్ల ఒకతె తెలుగు వ్యాసంలో "నేను మంచి శిక్ష పొందుతున్నాను" అని వ్రాసి, నిలబడి చదివింది. తరగతి అంతా గొల్లుమన్నది. ఒడియాలో 'శిక్షా' అంటే చదువు. ఆ పిల్ల ఇంటి బయట నిత్యం వినే మాట అదే. థాయిలోనూ 'స్యుక్సా' అంటే చదువే, అదీ ఈ సంస్కృత పదం నుండి వచ్చినదే. మన తెలుగులో మాత్రం 'శిక్ష' దండనగా స్థిరపడింది. 'శిక్షణ'లో మాత్రం పాత అర్థం మిగిలింది. ఆ తరువాత వారం రోజులు ఆ అమ్మాయి చేయి ఎత్తలేదు.

నవ్వినవారిని నన్నో అయితే ఏమి చేసి ఉండేదో మీరు ఊహించగలరు. నాకు ఆ వీలు లేదు. నవ్విన ముప్పది మందీ, నవ్వులపాలైన ఒక్కతీ మరునాడు నా ఎదుటే కూర్చోవాలి. నేను నల్లబల్లపై ఆ మాటను మూడు భాషలలోని అర్థాలతో వ్రాసి, "తప్పు వ్రాసినది ఎవరు?" అని అడిగాను. ఎవరూ జవాబు చెప్పలేదు. నవ్విన పిల్లలకు దండన అంటూ ఏదీ వేయలేదు. ఇంట్లో వినిపించే ఇటువంటి మాటలను పదేసి ఏరి తెమ్మన్నాను. ఆ పట్టికను తరగతికి చదివి వినిపించే పని ఆ అమ్మాయికే అప్పగించాను. మొదటి రోజు గొంతు వణికింది. మూడవ రోజు వణకలేదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఆ ధారావాహిక పెద్దలకు ఉద్దేశించినది. అందులో హింస, లైంగిక వేధింపు ఉన్నాయి. చిన్న తరగతుల పిల్లల కంట పడనీయకండి. పెద్ద పిల్లలు ఇప్పటికే చూసి ఉంటే కోప్పడకండి. "ఆ బడిలో మరునాడు ఏమి జరిగి ఉంటుంది?" అని అడగండి. కథ వదిలిపెట్టిన చోటు నుండి వారిని మాట్లాడనివ్వండి. తమ బడి సంగతి ఏదైనా అప్పుడు నోట రావచ్చు. వస్తే పూర్తిగా వినండి, వెంటనే మాకూ తెలియజేయండి.