మంచు నెరిగిన మిద్దెలు

భాద్రపదం వచ్చేసరికి లాహౌల్ లోయలోని మిద్దెల మీద ఎండుగడ్డి మోపులూ, విల్లో కట్టెలూ పేరుకుంటాయి. హిమాచల్ ప్రదేశ్‌లోని ఈ కొండసీమలో చలికాలపు సన్నాహం ఇల్లాలి పని. 3,978 మీటర్ల ఎత్తున ఉన్న రోహ్‌తాంగ్ కనుమ మంచుతో మూసుకుపోతే, ఇంట దాచుకున్నదే ఆరు నెలల గ్రాసం. 2020 అక్టోబరులో అటల్ సొరంగం తెరుచుకున్నాక ఆ నిర్బంధం సడలింది.

రాయలసీమ మట్టిమిద్దెను చూచినవారికి ఇక్కడి పాత ఇళ్ళ కప్పు కొత్త కాదు. దూలాలు, వాటిపై విల్లో కొమ్మలు, ఆపైన దిమ్మిస కొట్టిన మట్టి. మంచు పడినప్పుడల్లా పారతో తోసివేస్తే చాలు. ఎడతెగని వానకు మాత్రం అది కురుస్తుంది. నైరుతి మేఘాలను పీర్ పంజాల్ శ్రేణి అడ్డుకుంటుందన్న భరోసాతో కట్టిన ఇళ్ళవి.

మంచు చేసే చేటు ఈ లోయకు తెలియనిది కాదు. 1979 మార్చిలో విరిగిపడిన మంచుచరియలు రెండు వందల మందికి పైగా పొట్టనబెట్టుకున్నాయి. వరద భయం వేరు. 2021 జూలైలో తోజింగ్ వాగు హఠాత్తుగా పొంగి మనుషులను ఈడ్చుకుపోయింది. సిస్సు గ్రామానికి ఎగువన, 4,068 మీటర్ల ఎత్తున, గేపాంగ్ ఘాట్ హిమానీనద సరస్సు ఉంది. ఇస్రో ఉపగ్రహ చిత్రాల ప్రకారం 1989లో దాని విస్తీర్ణం 36.49 హెక్టార్లు, 2022 నాటికి 101.30.

దాని గట్టు తెగితే హెచ్చరించే సైరను, రాత్రివేళ పరుగెత్తి చేరగల మెరక, నీటిమట్టం కనిపెట్టే యంత్రం కావాలి. ఇవి ఏ ఇల్లాలూ మిద్దె మీద పేర్చుకోగలిగినవి కావు, ప్రభుత్వం సమకూర్చవలసినవి. దిగువన చంద్రానది ఒడ్డున బంగాళాదుంప చేలు, బఠానీ మళ్ళు, సిస్సు ఇళ్ళు ఉన్నాయి.