రెండు కంప్యూటర్లు

సికింద్రాబాదులో మా ఇల్లు చిన్నది. అందు రెండు కంప్యూటర్లు కలవు. మొదటిది 2009లో కొనిన పెట్టె కంప్యూటరు. దాని తెర వేరు, పెట్టె వేరు, కీబోర్డు వేరు. బల్ల క్రింద తీగలు చిక్కుపడి యుండును. రెండవది 2017లో కొనిన ఆల్ ఇన్ వన్ కంప్యూటరు. తెర వెనుకనే యంత్రమంతయు ఇమిడి యుండును. దానిని తెచ్చిన నాడు పాతదానిపై బట్ట కప్పి మూల నుంచితిని. అందమైన వస్తువే మేలైన వస్తువని నాటి నా నమ్మకము.

మా అమ్మకు పాత పాటలు పెక్కులు వచ్చును. ఆమె ఊయల పాటలు, దంపుళ్ల పాటలు, మంగళహారతులు పాడుచుండగా నా కుమార్తె వానినెల్ల క్రొత్త కంప్యూటరులో భద్రపరచెను. మరుసటి యేడు అమ్మ కాలధర్మము చెందెను. ఆ పాటలకు మరియొక ప్రతి తీసి యుంచవలెనను ఆలోచన మాలో నెవరికిని కలుగలేదు.

ఒక వేసవి సాయంకాలమున ఆ కంప్యూటరు తెర నల్లబడెను. లోపల పంకా తిరుగు చప్పుడు వినవచ్చుచుండెను గాని బొమ్మ కానరాలేదు. "నాన్నా, నాయనమ్మ పాటలు పోయినవా?" అని నా కుమార్తె కన్నీరు పెట్టుకొనెను. నాకు సమాధానము తోచలేదు. మా వీథిలోని అంగడివాడు దానిని చూచి, "దీనిని విప్పుట కష్టము, క్రొత్తది కొనుడు" అనెను.

మరునాడు దానిని పసిబిడ్డను వలె ఒడిలో పెట్టుకొని ఆటోలో పార్కులేనునకు పోతిమి. అచ్చటి చెనాయ్ ట్రేడ్ సెంటరు కంప్యూటర్ల అంగళ్లకు ప్రసిద్ధి కెక్కినది. అందొక చిన్న గదిలో నడివయసు మెకానిక్కు పలుచని ప్లాస్టిక్కు బద్దతో తెర అంచును మెల్లమెల్లగా విడదీసి, లోపల పరీక్షించి, ఇట్లనెను:

"అయ్యా, తెర వెనుక వెలుగు నిచ్చు దీపముల వరుస చెడినది. పెట్టె కంప్యూటరులో ఏది చెడిన దానినే మార్చుదుము. కొలత సరిపోయినచో ఏ కంపెనీ దైనను చాలును. ఇందు చోటు తక్కువ గనుక ల్యాప్‌టాపులలోని వంటి చిన్న భాగములు అమర్చుదురు. మదర్‌బోర్డు ఈ నమూనాకే తగినట్లు చేయుదురు. నమూనా పాతబడినచో భాగములు దొరకుట కష్టము. కొన్నింట మెమరీని బోర్డునకే టంకము వేసి అతుకుదురు. తెరను జిగురుతో అంటింతురు."

"అయినచో ఇది చెడ్డ వస్తువా?" అని అడిగితిని.

"కాదయ్యా! చోటు తక్కువ పట్టును. తీగల చిక్కు లేదు. కాని ఇది ఉమ్మడి కాపురము వంటిది. ఒకరికి జబ్బు చేసినచో ఇంటిల్లిపాదియు ఆసుపత్రికి పోవలెను" అని అతడు నవ్వెను.

పిమ్మట హార్డుడిస్కును వెలికి తీసి తన కంప్యూటరునకు తగిలించెను. క్షణములో ఆ ఇరుకు గదిలో మా అమ్మ కంఠము వినవచ్చెను. నా కుమార్తె నా చేయి గట్టిగా పట్టుకొనెను. ఆ నమూనా తెర దొరకలేదు. అతని సలహాపై పాత పెట్టెను గూడ తెచ్చితిమి. అతడు ఆ డిస్కును దానిలో అమర్చి యిచ్చెను.

చెడిన వస్తువును బాగుచేసికొనుట వినియోగదారుని హక్కను భావము నేడు బలపడుచున్నది. భారత ప్రభుత్వము 2022 డిసెంబరు 24న ఇందుకై 'రైట్ టు రిపేర్' పోర్టలును ప్రారంభించినది. కాని హక్కు ఉన్నంత మాత్రమున చాలదు. కొనువారికి వివేకము గూడ ఉండవలెను. ఏ యంత్రమునైనను కొనునప్పుడు దాని సొగసు నొక్కదానినే చూడక, "దీనిని విప్పవచ్చునా? భాగములు దొరకునా? బాగుచేయువారు కలరా?" అని మీరును విచారింపుడు. విలువైనదానికి రెండవ ప్రతి తీసి యుంచుడు.

ఇప్పుడు మా అమ్మ పాటలు మూడు చోట్ల భద్రముగా నున్నవి. నేను మాత్రము వానిని ఒకనాడు బట్ట కప్పి మూల నుంచిన ఆ పాత పెట్టెలోనే వినుచుందును.