రాళ్లదారిలో... గాలి లెక్క!

ఉత్తర ఫ్రాన్స్‌లో ఆరెన్‌బర్గ్ అని ఓ ఊరుంది. ఒకప్పుడు బొగ్గుగనులకు పేరు. గని పక్కనుంచి అడవిలోకి గీత గీసినట్టు ఓ దారి వెళ్తుంది. పొడవు రెండున్నర కిలోమీటర్లు కూడా ఉండదు. కానీ ఆ దారిలో పరిచినవన్నీ బండరాళ్లే. ఒకటి ఎత్తు, ఒకటి పల్లం, మధ్యలో సందులు, సందుల్లో నాచు. నడిచేవాళ్లకే కాలు మడతపడుతుంది. అలాంటి దారి మీదికి ఏడాదికోసారి, మామూలుగా ఏప్రిల్‌లో ఓ ఆదివారం, సైక్లిస్టులు దూసుకొస్తారు!

అదే పారిస్-రూబే పందెం. 1896లో మొదలైంది. పేరులో పారిస్ ఉన్నా 1977 నుంచీ బయల్దేరేది మాత్రం దానికి ఉత్తరాన ఉన్న కొంపియెన్ పట్టణం నుంచి. మొత్తం 250 కిలోమీటర్లకు పైనే. అందులో 55 కిలోమీటర్ల దాకా ఇలాంటి రాళ్లదారులే, ముక్కలు ముక్కలుగా వస్తుంటాయి. ఆరెన్‌బర్గ్ దారిని ఈ పందెంలో చేర్చింది 1968లో. సలహా ఇచ్చింది జాన్ స్టాబ్లిన్‌స్కీ. 1962 ప్రపంచ ఛాంపియనైన ఆయన చిన్నప్పుడు ఆ గనిలోనే పనిచేశాడు. ఆ దారి కిందా, పైనా తిరిగినవాడన్నమాట!

ఇక అసలు సంగతి. పందెం రోజు పొద్దున్నే ప్రతి సైక్లిస్టూ తేల్చుకోవాల్సిన ప్రశ్న... టైర్లలో గాలి ఎంత?

టైరు గట్టిగా ఉంటే సైకిల్ జోరుగా పోతుందని అందరం అనుకుంటాం. నున్నటి తారు రోడ్డు మీద అది కొంతవరకే నిజం. రాళ్ల మీదైతే అసలు కుదరదు. రాతిని తాకిన ప్రతిసారీ గట్టి టైరు ఎగిరిపడుతుంది. ముందుకు తోయాల్సిన బలం మనిషిని పైకి కుదపడానికే ఖర్చయిపోతుంది. చక్రం గాల్లో ఉన్నంతసేపూ పట్టు ఉండదు. అరచేతులు బొబ్బలెక్కుతాయి. పోనీ మెత్తగా ఉంచితే? రాయి అంచు నేరుగా రిమ్ముకు కొడుతుంది. ట్యూబు మధ్యలో నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. దానికి సైక్లిస్టులు పెట్టుకున్న పేరు 'పాముకాటు'!

అంకెల్లో చూద్దాం. మన కారు టైరుకి బంకులో పట్టించే గాలి 30-35 పీఎస్ఐ. పాతరోజుల్లో పందెం సైకిళ్ల సన్నటి టైర్లకు 100-120 దాకా కొట్టేవారు. రూబేకి మాత్రం కాస్త వెడల్పు టైర్లు వేసుకుని, బాగా తగ్గించుకునేవారు. ఇప్పుడు 32 మిల్లీమీటర్ల ట్యూబ్‌లెస్ టైర్లు, అంతకన్నా వెడల్పువీ వచ్చాయి. గాలి 50-60కి దిగింది. బక్కపలచని మనిషికి ఇంకా తక్కువ చాలు. బరువు ఎక్కువగా వెనక చక్రం మీదే పడుతుంది కాబట్టి దానికి కాస్త ఎక్కువ. వాన పడితే రెండింట్లోనూ మరికాస్త తగ్గించాలి.

పట్టు తప్పితే ఏమవుతుందో బెల్జియం వీరుడు యోహన్ మ్యుజేవ్‌కు బాగా తెలుసు. 1998లో ఆరెన్‌బర్గ్ రాళ్ల మీద పడ్డాడు. మోకాలిచిప్ప పగిలింది. గాయం కుళ్లి, కాలు తీసేయాల్సి వస్తుందేమోనన్నంత దాకా వెళ్లింది. రెండేళ్లు తిరక్కుండానే, 2000లో అదే పందెం గెలిచి, గీత దాటుతూ తన మోకాలిని వేలితో చూపించాడు.

2023లో రెండు జట్లు తొక్కుతుండగానే గాలి తగ్గించి, పెంచుకునే చక్రాలు తెచ్చాయి. అన్నట్టు, ఆ ఏడాదే ఆరెన్‌బర్గ్ రాళ్ల సందుల్లో గడ్డి తీయడానికి నిర్వాహకులు నమ్ముకున్నది మేకల్ని!

తక్కినవాళ్లది పాత పద్ధతే. పందేనికి కొద్దిరోజుల ముందు జట్లన్నీ ఈ దారులకొస్తాయి. ఓసారి తొక్కుతారు. ఆగి, కాస్త గాలి వదులుతారు. మళ్లీ తొక్కుతారు. మెకానిక్కు ఎవరి అంకె వాళ్ల పేరు పక్కన రాసుకుంటాడు. ఆదివారం తెల్లారేసరికి వాన పడిందా... ఆ అంకెలన్నీ కొట్టేసి మళ్లీ మొదలు!