స్టాటిక్ ఐపీకి కట్టిన తునికాకు డబ్బులు

కాస్త పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి. రూముల్లో ఉండి పరీక్షలకు ప్రిపేర్ అవుతున్న మన తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం రాస్తున్నా.

పోయినేడు భద్రాచలంలో ముగ్గురం కలిసి రూం తీసుకుని బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకున్నాం. రాత్రి ఆన్‌లైన్ టెస్టు మధ్యలో నెట్ పోయేది. ఏజెంట్‌కి ఫోన్ చేస్తే, "మీది డైనమిక్ ఐపీ, మారుతుంటది, అందుకే కట్ అవుతుంది. స్టాటిక్ తీసుకోండి, స్పీడ్ కూడా పెరుగుద్ది" అన్నాడు. నెలకు 200 ఎక్కువ. నాన్న పంపిన తునికాకు డబ్బుల్లోంచి నా వాటా కట్టా. ఆరు నెలలు కట్టాం. నెట్ పోవడం మాత్రం ఆగలేదు.

చివరికి లైన్ చూడడానికి వచ్చిన కుర్రాడు బీరువా జరిపి చూపించాడు. ఫైబర్ తీగ గోడకీ బీరువాకీ మధ్య నలిగి మడత పడి ఉంది. సరిచేశాక మళ్లీ పోలేదు.

సిగ్గేసి అప్పుడు కూర్చుని చదివా. ఐపీ అంటే నెట్‌లో మన అడ్రస్. రూటర్ ఆపి వేస్తే మారే అవకాశం ఉన్నది డైనమిక్, మారకుండా ఉండేది స్టాటిక్. వీడియోలు చూడ్డానికి, క్లాసు వినడానికి, ఫారం నింపడానికి ఏదైనా ఒకటే. స్పీడ్‌కి సంబంధమే లేదు.

ఇంకో సంగతి. పాత పద్ధతి అడ్రస్‌లు ప్రపంచం మొత్తానికి దాదాపు 430 కోట్లే. అవి చాలక కంపెనీలు ఒకే అడ్రస్‌ని ఎన్నో ఇళ్లకు పంచుతాయి. మన ఆశ్రమ పాఠశాల హాస్టల్ గుర్తుందిగా? మనం ఉత్తరం రాస్తే జవాబు వార్డెన్ ద్వారా మనకే వచ్చేది. కానీ ఎవరో కొత్తవాళ్లు పేరు లేకుండా హాస్టల్ అడ్రస్‌కి రాస్తే ఎవరికివ్వాలి? ఇదీ అంతే. రూటర్ పేజీలో వ్యాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య అంకెలతో మొదలైతే మీరు హాస్టల్లో ఉన్నట్టే.

బయటివాళ్లు నేరుగా మీ ఇంటి కంప్యూటర్‌కి రావాలంటేనే దీనితో ఇబ్బంది. ఉదాహరణకి గూడెం పెద్దల పాటలు రికార్డు చేసి, రూంలోని పాత ల్యాప్‌టాప్ నుంచే అందరికీ వినిపించాలనుకుంటే స్టాటిక్ అడగండి, తప్పులేదు. మా ముగ్గురికీ అలాంటి పనేం లేదు.

నెట్ పోతుంటే ముందు రూటర్ మీద ఎర్రలైటు వెలుగుతుందేమో చూడండి, తీగ ఎక్కడ నలిగిందో వెతకండి. లైన్ మనిషిని పిలవండి, ఏజెంట్‌ని కాదు.

స్టాటిక్ తీసేయమని పోయిన నెల చెప్పా. నా వాటా 400 పోయింది. నాన్నకి ఇంకా చెప్పలేదు.