చేతికొక కర్రదిండు

పనికి పూనుకొన్న చేతికి పనిముట్టు ఎంత అవసరమో విశ్రాంతీ అంతే అవసరం. 1874లో విపణిలోకి వచ్చిన రెమింగ్టన్ టైపు యంత్రం నాటి అక్షరాల వరుస దాదాపుగా నేటి కంప్యూటర్ కీబోర్డులోనూ నిలిచి ఉంది. అయితే టైపు యంత్రంపై కాగితం మార్చడానికైనా చేయి మీటలను విడిచేది. కంప్యూటర్ ఆ కాస్త విరామాన్నీ తొలగించింది.

మణికట్టులోని ఇరుకైన సొరంగం గుండా 9 స్నాయుబంధనాలు, ఒక నాడి అరచేతిలోకి సాగుతాయి. చేయి పైకి వంగి ఉన్నంతసేపు అక్కడ ఒత్తిడి పెరుగుతుంది. ప్రతి మీటకూ విడిగా స్విచ్చి, స్ప్రింగు గల మెకానికల్ కీబోర్డు సాధారణమైన వాటికంటె ఎత్తుగా ఉంటుంది. అందుచేత, నచ్చిన మీటలను ఏరి కూర్చి తన కీబోర్డును తానే నిర్మించుకొనే ఔత్సాహికుడు, దాని ముందుంచే కర్రదిండును కూడా తానే చేయ పూనుకొంటాడు.

దిండుకు కొలతే ప్రాణం. కీబోర్డు ముందంచు 20 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటే, దిండు అంతకు మించరాదు. అడుగున అంటించే రబ్బరు బిళ్లల మందం 2 మిల్లీమీటర్లయితే, కర్ర మందం 18 మిల్లీమీటర్లే కావాలి. 87 మీటల కీబోర్డుకు సుమారు 36 సెంటీమీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల వెడల్పు చాలును.

ఏటికొప్పాక బొమ్మకు మెత్తని అంకుడు కర్ర తగినది; నిత్యం చేయి మోపే దిండుకు చేవగల టేకు మేలు. కర్ర తేమకు అడ్డంగా ఉబ్బినంతగా నిలువున ఉబ్బదు. కనుక బాగా ఆరిన చెక్కను, నార పొడవు వెంట సాగేటట్లు కోయాలి. చిత్రిక పట్టి, చేతివైపు అంచును గుండ్రంగా మలచాలి. పదునైన అంచు చేతిని నొక్కి బాధిస్తుంది. 80, 120, 220 నంబర్ల గరుకు కాగితాలతో వరుసగా రుద్ది, తడిగుడ్డతో తుడవాలి. ఆరిన పిమ్మట, లేచిన నూగును మరల రుద్దాలి. అవిసెనూనెను పలుచగా పూసి, మిగిలినదానిని తుడిచివేయాలి. ఆ నూనెగుడ్డను ముద్దగా పడవేస్తే వేడి పుట్టి తనంతట తానే అంటుకోవచ్చు. దానిని ఆరుబయట పరచి ఆరబెట్టాలి.

ఇంత శ్రమించి చేసిన దిండుపై, టైపు చేస్తున్నంతసేపు చేతులు ఆనించరాదు. వేళ్లు ఆగినపుడే అరచేతి మొదలును దానిపై వాల్చాలి, మణికట్టును మోపరాదు. జీవితమంతా మీటలపై కదలవలసిన చేతులకు తిమ్మిరి తొలి హెచ్చరిక. అది తగ్గకుంటే వైద్యుని సంప్రదించాలి. దిండు విరామాన్ని సుఖవంతం చేయగలదు. ఆ విరామాన్ని తీసుకోవలసినవాడు మాత్రం మనిషే.