బంగారు రంగు ఆట

మా ఆర్.కె.పేటలో, మగ్గాల చప్పుడు మధ్య, మా ఇంట్లో ఒక పాత వీడియో గేము ఉంది. మా తమ్ముడు అమెరికా నుంచి తెచ్చింది. పేరు 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా'. కత్తి పట్టిన కుర్రవాడు గుహలు వెతుక్కుంటూ పోయే ఆట. జపానులో 1986లో డిస్కు మీద వచ్చింది. 1987లో అమెరికాలో బంగారు రంగు కార్ట్రిడ్జిగా వచ్చింది. దాన్ని రూపొందించిన మియమోతో చిన్నప్పుడు క్యోటో దగ్గర సొనొబెలో కొండలూ గుహలూ తిరిగినవాడు. నగరి కొండలు చూస్తూ పెరిగిన మాకు ఆ ఆట పరాయిది అనిపించలేదు.

ఎంతవరకు ఆడామో గుర్తుంచుకోవడానికి దాని లోపల చిన్న బ్యాటరీ ఉంటుంది. ముగ్గురి పేర్లు రాసుకోవచ్చు. బ్యాటరీ అయిపోతే పేర్లూ పోతాయి.

2021లో సీలు విప్పని జెల్డా ఒకటి అమెరికా వేలంలో 8,70,000 డాలర్లు పలికింది. ఎవరూ ఆడనిదానికి అంత ధర! మాది గీతలు పడ్డది, అట్టపెట్టె కూడా లేదు. కాని అందులో చనిపోయిన మా తమ్ముడి పేరుంది, ఇంగ్లీషు అక్షరాల్లో. వాడికి బడిలో తెలుగు రాయడం నేర్పలేదు.

పాత ఆటలు సేకరించేవాళ్లు బ్యాటరీ మార్చమంటారు. మామూలుగా మారిస్తే పేరు చెరిగిపోతుంది. మార్చకపోయినా ఒకనాడు చెరిగిపోతుంది. అందుకే ఆ పేరును తెలుగులో రాయడం మా పిల్లలకు నేర్పాను.